లెక్కల మాస్టారు, మన ఊరి విలన్

పొద్దున బ్రాడీపేటలో బండి సర్వీసుకిచ్చి పక్కనే టీకొట్టులో కూర్చుంటే టీవీలో ప్రేమించుకుందాం రా వస్తోంది. సౌండు బాగా తగ్గించి పెట్టారు. అయినా జయప్రకాశ్ రెడ్డి గారు నోరు తెరిచేసరికి టీ తాగేవాళ్లంతా తలెత్తి చూశారు. మాట మెల్లగా మొదలుపెడతారు, కళ్లు మాత్రం కదలవు, చివరి మాట దగ్గర గొంతు ఒక్కసారిగా లేస్తుంది. ఎన్నిసార్లు చూసినా ఆ చివరి మాట కోసమే ఆగుతాను.

ఆయన పుట్టింది అప్పటి కర్నూలు జిల్లా శిరివెళ్ల వైపు. సీమ యాస ఆయనకు ఇంట్లో మాటే, అందుకే అంత సహజంగా వచ్చింది. కానీ బతుకు మాత్రం మన గుంటూరులోనే, పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ, నాటకాలు వేసుకుంటూ. 1988లో బ్రహ్మపుత్రుడుతో సినిమాల్లోకి వచ్చేటప్పటికే నలభై దాటాయి. ఆ తర్వాత వేషాలు వచ్చినా ఇల్లు గడవక మళ్లీ గుంటూరు వచ్చి పాఠాలు చెప్పుకున్నారు. 1997లో ప్రేమించుకుందాం రా, ఆ తర్వాత సమరసింహారెడ్డి, జయం మనదేరా. యాభై ఏళ్లప్పుడు వచ్చింది అసలు పేరు! ఆ మధ్యలో ఉన్న ఏళ్ల గురించే నాకు ఎక్కువ ఆలోచన. మద్రాసు, హైదరాబాదు చూసొచ్చిన మనిషి మళ్లీ సుద్దముక్క పట్టుకుని బోర్డు ముందు నిలబడటం ఎంత కష్టమో.

సాయంత్రం ఇంట్లో ఈ మాటే ఎత్తితే నాన్న అలెగ్జాండర్ నాటకం సంగతి చెప్పారు. స్టేజీ మీద మొదటి నుంచి చివరిదాకా ఆయనొక్కరే. "ఎదురుగా ఎవరూ లేరురా, అయినా అవతల మనిషి ఏమన్నాడో ఈయన మొహంలో తెలిసిపోయేది, నీళ్లు తాగడానికి కూడా ఎవరూ లేచి వెళ్లలేదు" అన్నారు. సినిమాల్లో అంత డబ్బు, పేరు వచ్చాక కూడా ఆ వయసులో గంటన్నర పైచిలుకు ఒంటరిగా నాటకం మోయాల్సిన అవసరం ఏముంది ఆయనకి? ఇష్టం, అంతే. విలన్‌గా అరిచారు, కామెడీలో నవ్వించారు, కానీ ఆయన్ని పూర్తిగా చూసింది మాత్రం నాటకం చూసినవాళ్లేనని నాకు గట్టి నమ్మకం. నేను చూడలేదు, ఆ బాధ ఉంది.

2020 సంక్రాంతికి సరిలేరు నీకెవ్వరులో చూశాం. అదే ఏడాది సెప్టెంబరు 8న, ఇదే ఊళ్లో, ఇంట్లోనే గుండెపోటుతో పోయారు. కరోనా రోజులు, ఎవరం గడప దాటలేదు, ఊరి మనిషిని సరిగ్గా సాగనంపలేకపోయాం.

వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో ఈసారి నాటకాలు పెడితే ముందే చెప్పమన్నాను నాన్నకి. ఎవరు వేసినా సరే, ముందు వరసలో కూర్చుని చూడాలి.