గెలిచిన హ్యాండ్ రాయని నోట్‌బుక్

ఆదివారం, రాత్రి 10 గంటలు

నిన్న ఆట ముగిసేసరికి బాగా పొద్దుపోయింది. ఎప్పటిలాగే నలుగురం కూర్చున్నాం. ఎప్పటిలాగే టెక్సస్ హోల్డెమ్ (చేతిలో రెండేసి ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు ముక్కలు ఉండే పోకర్), డబ్బు పెట్టకుండా చిప్స్‌తోనే. పడుకున్నాక కూడా ఒకే హ్యాండ్, అంటే ఒక్క పంపకం ఆట, బుర్రలో తిరిగింది. నా చేతిలో రెండు రాజులు, ఎదురుగా ఉన్న మిత్రుడి చేతిలో రెండు రాణులు. ఒక్క ముక్క కూడా బల్ల మీద పడకముందే ఇద్దరం ఆల్ ఇన్ వెళ్లాం, అంటే ఉన్న చిప్స్ అన్నీ పెట్టేశాం. నాలుగు ముక్కలు పడేదాకా నేనే ముందున్నాను. ఐదో ముక్క, రివర్, రాణి; అతనికి మూడు రాణులయ్యాయి. నా చిప్స్‌లో మూడొంతులు అటు వెళ్లిపోయాయి.

పొద్దున లేచీ లేవగానే నోట్‌బుక్ తీశాను. ఆడిన మర్నాడు నా తప్పులు రాసుకోవడం చాలా నెలలుగా ఉన్న అలవాటు. తేదీ వేసి, కింద ఇలా రాశాను: "రాజులతో అంత తొందరపడి ఆల్ ఇన్ వెళ్లకూడదు. ఫ్లాప్ చూశాక నిర్ణయించుకోవాలి." ఫ్లాప్ అంటే బల్ల మీద మొదట పడే మూడు ముక్కలు. రాస్తున్నంతసేపూ ఏదో నేర్చుకుంటున్నానన్న తృప్తి కూడా కలిగింది. ఇప్పుడు తల్చుకుంటే ఆ తృప్తే నన్ను ఎక్కువ బాధపెడుతోంది.

అక్క వచ్చి పక్కన కూర్చుంది. తను పోకర్ ఆడదు గానీ ఆట బాగా తెలుసు, లెక్కల్లో నాకంటే చురుకు. నోట్‌బుక్ తీసుకుని వెనక పేజీలన్నీ తిరగేసింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఏరా, ఇన్ని పేజీల్లో నువ్వు గెలిచిన హ్యాండ్ ఒక్కటీ లేదేం?"

"తప్పులు రాసుకునే పుస్తకం కదక్కా అది."

"గెలిచినప్పుడు తప్పు చెయ్యలేదని నీకెవరు చెప్పారు? ముక్కలేగా?"

నాకు జవాబు తోచలేదు. పుస్తకం లాక్కుని మొదటి పేజీ నుంచి చూశాను. నిజమే. అన్నీ ఓడినవే. పెద్దగా ఓడితే పెద్ద పేరా, కొంచెం ఓడితే రెండు లైన్లు. ఎన్ని చిప్స్ పోతే అంత తప్పు చేసినట్టు రాసుకుంటూ వచ్చాను. రివర్‌లో పడిన ముక్క నాకు నచ్చిందా లేదా అన్నదాన్ని బట్టి నా ఆటకు మార్కులు వేసుకున్నానన్నమాట, ఇన్నాళ్లూ.

సరే, ముందు ఆ రాజుల సంగతి తేలుద్దాం అని ఇద్దరం కూర్చున్నాం. పేకలో 52 ముక్కలు. మా ఇద్దరి చేతుల్లో నాలుగు పోగా మిగిలినవి 48. అందులో రాణులు రెండే. ఐదు ముక్కలు పరిస్తే అందులో కనీసం ఒక రాణి పడే అవకాశం ఇంచుమించు 20 శాతం. అంటే ఇదే హ్యాండ్ ఐదుసార్లు ఆడితే సుమారు నాలుగుసార్లు చిప్స్ నావే. చిన్న జతతో ఉన్న మనిషి తన చిప్స్ అన్నీ పెట్టి నాతో తలపడటం కంటే నాకు కావలసింది ఇంకేముంటుంది? పొద్దున రాసిన "తొందరపడి" అన్న మాట అబద్ధం. నేను తొందరపడలేదు, సరిగ్గా ఆడాను. ఆ పాఠాన్ని నమ్మి వచ్చేవారం రాజులతో భయంభయంగా ఆడి ఉంటే, లేని తప్పును దిద్దుకోబోయి కొత్త తప్పు నేర్చుకునేవాణ్ని. పెన్ను తీసుకుని ఆ రెండు లైన్లూ కొట్టేశాను.

"మరి నిన్న గెలిచినవాటిలో అన్నిటికంటే పెద్దది ఏది?" అంది అక్క.

అది చెప్పడానికి నాకు ఉత్సాహమే. రాజులు ఓడటానికి ఒక గంట ముందు మాట. నా చేతిలో ఆఠీను రాణి, ఆఠీను జాకీ. ఫ్లాప్‌లో ఆఠీను ఆసు, కళావరు 7, ఆఠీను 4 పడ్డాయి. ఇంకొక్క ఆఠీను పడితే ఫ్లష్, అంటే ఒకే గుర్తు ముక్కలు ఐదు. టర్న్‌లో, అంటే నాలుగో ముక్కగా, ఇస్పేటు 2, నాకు పనికిరానిది. పాట్‌లో, అంటే బల్ల మధ్య కుప్పలో, 60 చిప్స్ ఉన్నాయి. అవతలి ఆయన ఇంకో 60 పెట్టాడు. ఆ తర్వాత ఆయన దగ్గర మిగిలింది 40. నేను కాల్ చేశాను, అంటే నేనూ 60 పెట్టాను. రివర్‌లో ఆఠీను 9. ఆయన మిగిలిన 40 కూడా పెట్టేశాడు, నేను మొత్తం ఊడ్చేశాను. బల్ల చుట్టూ అందరూ "అబ్బ, ఏం ధైర్యం!" అన్నారు. నాకూ ధైర్యమే అనిపించింది.

అక్క కాగితం మీద లెక్క వేసింది. నేను చూస్తూ కూర్చున్నాను. 13 ఆఠీన్లలో నాకు కనిపిస్తున్నవి నాలుగు, మిగిలినవి 9. నాకు కనిపించని ముక్కలు 46. కాబట్టి ఫ్లష్ పడే అవకాశం 46లో 9, అంటే 20 శాతానికి కాస్త తక్కువ. నేను 60 పెడితే గెలిచేది బల్ల మీద ఉన్న 120. ఆ కాల్ నష్టం లేకుండా ఉండాలంటే మూడింట ఒకసారైనా గెలవాలి. నా అవకాశం ఐదింట ఒకసారి కూడా లేదు.

"అక్కా, ఫ్లష్ పడితే మిగిలిన 40 కూడా వస్తాయిగా, అది లెక్కెయ్యలేదు నువ్వు" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. ఓడిన హ్యాండ్ గురించి మాట్లాడేటప్పుడు లేని పట్టుదల గెలిచినదాన్ని కాపాడుకోవడానికి ఎక్కణ్నుంచి వచ్చిందో.

తను అదీ కలిపింది. 46సార్లలో 9సార్లు 160 చొప్పున వస్తే 1440. మిగిలిన 37సార్లు 60 చొప్పున పోతే 2220. తేడా 780. 46తో భాగిస్తే ఒక్కో కాల్‌కు సగటున 17 చిప్స్ నష్టం. అది కూడా ఫ్లష్ పడిన ప్రతిసారీ ఆయన 40 నాకిచ్చేస్తాడనీ, నాకంటే పెద్ద ఫ్లష్ ఎప్పుడూ రాదనీ అనుకుంటే. నిన్న రాత్రి మొత్తమ్మీద నేను చేసిన పెద్ద తప్పు అదే అయ్యుండాలి. చప్పట్లు కొట్టించుకున్న తప్పు కాబట్టి నోట్‌బుక్‌లోకి రాలేదు.

ఫ్లాప్ మీద అయితే సంగతి కొంచెం వేరు. ఇంకా రెండు ముక్కలు పడాల్సి ఉన్నప్పుడు ఫ్లష్ అవకాశం 35 శాతం దాకా ఉంటుంది. నా బుర్రలో ఆ 35 అలాగే ఉండిపోయింది. టర్న్ పడ్డాక అది ఇంచుమించు సగానికి పడిపోతుందన్నది నాకు తెలియక కాదు. ఎవరైనా అడిగితే ఠక్కున చెప్పేవాణ్ని. చిప్స్ పెట్టే క్షణంలో మాత్రం పాత సంఖ్యతోనే ఆడాను. ఇలాంటి తప్పులు పట్టుకోవడం కష్టం, ఎందుకంటే ఓడినా కూడా "తెలిసిందే కదా, ఈసారి పడలేదు" అని దాటేస్తాం.

ఆ హ్యాండ్ తర్వాత ఏం జరిగిందో కూడా గుర్తు చేసుకున్నాను. పోకర్‌లో టిల్ట్ అంటారు, కోపంతోనో దిగులుతోనో బుర్ర పట్టు తప్పి ఆడటాన్ని. పిన్‌బాల్ యంత్రాన్ని గట్టిగా కుదిపితే టిల్ట్ అని లైటు వెలిగి ఆట ఆగిపోతుంది, అక్కణ్నుంచి వచ్చిన మాట. ఓడినప్పుడే టిల్ట్ వస్తుందనుకుని నేను దానికే కాపలా కాస్తుంటాను. రాణులకు ఓడిపోయాక కూడా లేచి, మొహం కడుక్కుని, రెండు హ్యాండ్లు వదిలేసి మళ్లీ కూర్చున్నాను. ఫ్లష్ పడ్డాక మాత్రం ఏ జాగ్రత్తా తీసుకోలేదు. జాకీ 6, 9 5, ఏది వస్తే దానితో దిగాను. మామూలుగా అయితే చూడగానే పక్కన పడేసే ముక్కలవి. ఆ అరగంటలో కొంచెం కొంచెంగా ఎన్ని చిప్స్ కారిపోయాయో లెక్కే లేదు. టెన్షన్ ఏమీ లేదు, హాయిగా ఉంది, అందుకే అనుమానం రాలేదు.

మధ్యాహ్నం ఒక్కణ్నే కూర్చుని ఇంకో హ్యాండ్ రాశాను. ఇది గెలిచిందీ కాదు, పూర్తిగా ఓడిందీ కాదు, ఫోల్డ్ చేసింది, అంటే ముక్కలు మధ్యలోనే వదిలేసింది. అవతలి వాళ్ల ముక్కలు చూడకుండానే ముగిసిపోయే ఇలాంటి హ్యాండ్లు మర్నాటికి మనసులోంచి చెరిగిపోతాయి. ఇది ఎలా గుర్తుందో మరి.

నా చేతిలో ఇస్పేటు రాజు, ఇస్పేటు రాణి. బల్ల మీద డైమండ్ రాజు, ఇస్పేటు 10, ఆఠీను 7, తర్వాత కళావరు 3, చివర డైమండ్ 2. పాట్‌లో 80. అవతలి ఆయన 40 పెట్టాడు. నాకు పైజత ఉంది, అంటే బల్ల మీది అన్నిటికంటే పెద్ద ముక్కతో జత. ఆయన మొహం చూశాను, ప్రశాంతంగా ఉన్నాడు. "ఏదో పెద్దదే ఉంది" అనుకుని ముక్కలు తోసేశాను. నా ఆలోచన మొత్తం అంతే.

ఇవాళ చేయాల్సిన పని చేశాను. 40 పెట్టి 120 గెలిచే చోట నాలుగింట ఒకసారి గెలిస్తే చాలు. నన్ను ఓడించేవి ఏవి? ఆసు రాజు: మిగిలిన రాజులు రెండు, ఆసులు నాలుగు, కాబట్టి 8 రకాలుగా రావచ్చు. రాజు 10 అయితే 6. చేతిలో 10ల జత 3, 7ల జత 3. మొత్తం 20. మరి దేనికోసమో చూసి కుదరక బ్లఫ్ చేసేవి? రాణి జాకీ 16 రకాలు ఉండాలి గానీ ఒక రాణి నా దగ్గరే ఉంది, కాబట్టి 12. ఒకే రంగులో 9 8 అయితే 4. మొత్తం 16. అందులో సగం సార్లే బ్లఫ్ చేస్తాడనుకున్నా 8. అంటే 28లో 8, సుమారు 29 శాతం. కావలసింది 25. కాల్ చేయొచ్చు, కానీ అంచు మీద ఉంది. ఆయన కాస్త జాగ్రత్తపరుడైతే ఫోల్డే సరైనది.

ఈ లెక్క పూర్తయ్యాక నాకు ఒకలాంటి ఊరట కలిగింది, వెంటనే సిగ్గూ కలిగింది. ఫోల్డ్ చేయడం ఘోరమైన తప్పేమీ కాదు. కానీ నేను ఏ లెక్కా లేకుండా, మొహం చూసి, భయపడి తోసేశాను. లెక్క వేసి ఫోల్డ్ చేసి ఉంటే ఇవాళ దీని గురించి ఒక్క లైను కూడా రాయక్కర్లేదు. పని ఒకటే, చిప్స్ ఒకటే, అయినా నాకు ఆ రెండూ ఒకటిగా అనిపించడం లేదు.

ఫోన్ తీసి ఆయనకు మెసేజ్ టైప్ చేశాను: "నిన్న ఆ రాజు 10 7 బోర్డు మీద మీ దగ్గర ఏముందండీ?" పంపబోతుంటే అక్క చూసింది.

"ఆసు రాజు అని చెప్తే?"

"మంచి ఫోల్డే అనుకుంటాను."

"రాణి జాకీ అంటే?"

"తప్పు చేశాననుకుంటాను."

అలా అన్నాక నేనే ఆగిపోయాను. పొద్దున్నించీ కూర్చుని తెలుసుకున్నదంతా ఒక్క మెసేజ్‌తో పోగొట్టుకోబోయాను. చెరిపేశాను. తెలుసుకోవాలని మాత్రం ఇప్పటికీ ఉంది, అది దాచను.

ఇందాక భోజనం అయ్యాక నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీశాను. గెలిచినవి, ఓడినవి, వదిలేసినవి అని వేరు చేయకుండా నిన్నటివి గుర్తున్నన్ని వరసగా రాశాను. ప్రతిదానికీ నా నిర్ణయం దాకా మాత్రమే రాసి, చివరికి ఏమైందో రాయకుండా ఆపాను. ఆఠీను రాణి, జాకీ హ్యాండ్ దగ్గర ఆ 9 రాయకుండా ఉండటానికి చెయ్యి కాస్త మొరాయించింది. మొత్తం పదకొండు వచ్చాయి. ఫ్లష్ తర్వాత అరగంటలో ఆడినవి ఎంత ఆలోచించినా రెండే గుర్తొచ్చాయి, మిగిలినవాటి కోసం ఆరు గీతలు ఖాళీగా వదిలాను.