నా ప్రశ్న ఇంకొకరు అడిగారు
"ఎమ్మారై రిపోర్ట్ వచ్చేదాకా ఫోన్ బాత్రూమ్‌కి కూడా తీసుకెళ్తా" అందొకావిడ. గదిలో అందరం ఒక్కసారిగా నవ్వేశాం, డాక్టర్‌గారితో సహా.

ఇవాళ గ్రూప్ విజిట్, అంటే కొందరం కలిసి ఒకేసారి డాక్టర్‌గారిని కలవడం. అందరికీ బీఆర్‌సీఏ మ్యుటేషన్ (రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే జన్యుమార్పు) ఉంది, క్యాన్సర్ ఇంకా ఎవరికీ రాలేదు. అందులో బీఆర్‌సీఏ1 రకం ఉంటే 80 ఏళ్ళలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 70 శాతం. ఒంటరిగా విన్నప్పుడు ఆ అంకె తర్వాత చెప్పిందేదీ నా చెవికెక్కలేదు.

క్యాన్సర్ రాకముందే రొమ్ములు తీయించుకునే ఆపరేషన్ వద్దనుకుంటే పిచ్చిదాన్నా? నేను అడగలేని ఈ ప్రశ్న పక్కనున్నావిడ అడిగేసింది. కాదు, ఏటా ఎమ్మారై, మామోగ్రామ్‌తో (రొమ్ము ఎక్స్‌రే) కనిపెట్టుకుని ఉండటమూ ఒక దారేనట.

భయం పోయిందా అంటే, లేదు. ఒకమ్మాయి ఏడిస్తే నాకూ దడ పెరిగింది (గ్రూప్‌లో ఇదీ ఉంటుంది మరి).

వచ్చే నెల నా స్కాన్. రిపోర్ట్ ఎన్ని రోజులకిస్తారో ఈసారి ముందే అడుగుతా.