గులాబీ సిరప్, బ్రూట్ వైన్: ఇప్పటిదాకా తేలిన లెక్క

పూల వాసన ఉండాలి, బుడగలు ఉండాలి, తాగాక నాలుక మీద తీపి పేరుకోకూడదు. గులాబీ సిరప్, జిన్, బుడగల వైన్ కలిపే ఈ కాక్‌టెయిల్‌తో నా పేచీ అంతా ఇదే. ఈమధ్య కాస్త దారికొచ్చింది కాబట్టి కొలతలు రాసిపెడుతున్నా.

ముందు సిరప్. పంచదార, నీళ్లు 200 గ్రాముల చొప్పున తూచి వేడిచేయాలి. పంచదార కరగ్గానే స్టవ్ ఆపేసి, అప్పుడే ఎర్ర గులాబీ రేకులు వేయాలి. రేకుల్ని కూడా మరిగిస్తే వాసనంతా ఆవిరితో పోయి ఉడికిన ఆకు రుచి మిగులుతుంది. రేకు మొదట్లో ఉండే తెల్లటి ముక్క చేదు, దాన్ని కత్తెరతో తీసేయాలి. విసుగు పుట్టించే పనే, కానీ తప్పదు. మూతపెట్టి రాత్రంతా వదిలేయడమే.

పొద్దున చూస్తే రేకులు పాలిపోయి, సిరప్ మురికి ఊదాగా కనిపిస్తుంది. పారబోయకండి! వడకట్టి ఒక చెంచా నిమ్మరసం పోస్తే, రసం పడ్డచోట ఎర్రటి చార మొదలై, చెంచా తిప్పేకొద్దీ గిన్నె అంతా నిగనిగలాడే గులాబీ రంగు పాకుతుంది. రేకుల్లోని ఆంథోసయనిన్లనే రంగు పదార్థాలు పులుపు తగిలితే అలా ఎర్రబడతాయి. శంఖుపుష్పం నీలం ఊదాగా మారేదీ ఇందుకే. అయితే దానికి చెప్పుకోదగ్గ వాసన లేదు, కంటికి తప్ప ముక్కుకు పనికిరాదు.

పూల విషయంలో మాత్రం మొహమాటం వద్దు. బొకేల కోసం పెంచిన పూల మీద మందులు కొట్టి ఉండొచ్చు, వంటకు పెంచినవే వాడాలి. అందంగా ఉంది కదా అని గన్నేరు పువ్వును అలంకరణకైనా గ్లాసులో వేయకూడదు, అది విషం.

వైన్ దగ్గర లేబుల్ చదవాలి. బ్రూట్ అంటే లీటరుకు 12 గ్రాముల లోపు చక్కెర. ఎక్స్‌ట్రా డ్రై అన్న పేరు చూసి ఇంకా తీపి తక్కువనుకుంటాం, నిజానికి అందులో 12 నుంచి 17 గ్రాములు ఉంటుంది. నా సిరప్ 15 మిల్లీలీటర్లలోనే దాదాపు 9 గ్రాముల పంచదార ఉంది, కాబట్టి వైన్ నుంచి ఇంక తీపి అక్కర్లేదు.

ప్రస్తుతం నిలకడగా కుదురుతున్న కొలత: సిరప్ 15, నిమ్మరసం 10, జిన్ 20, వైన్ 100 మిల్లీలీటర్లు. మొదటి మూడూ ఐసుతో షేక్ చేసి, వడకట్టి గ్లాసులో పోయాలి. వైన్‌ను షేకర్‌లో వేయడమన్న మాటే లేదు. గ్లాసు వంచి, అంచు వెంబడి నెమ్మదిగా పోసి, అడుగు నుంచి చెంచాతో ఒక్కసారి పైకి లేపితే చాలు. సీసా గంటల తరబడి ఫ్రిజ్‌లో ఉండాలి. చల్లటి వైన్ గ్యాస్‌ను బాగా పట్టి ఉంచుతుంది. సన్నగా పొడుగ్గా ఉండే ఫ్లూట్ గ్లాసు కంటే నోరు కాస్త వెడల్పున్న వైన్ గ్లాసులోనే గులాబీ తెలుస్తోంది.

తర్వాతి ప్రయత్నం హ్యూగో అనే కాక్‌టెయిల్. 2005లో ఇటలీలోని సౌత్ టిరోల్‌లో రోలాండ్ గ్రూబర్ అనే బార్‌టెండర్ తయారుచేసింది. ఇప్పుడు మామూలుగా అందులో పడేవి: ఎల్డర్‌ఫ్లవర్ (ఎల్డర్ చెట్టు పూల) సిరప్, ప్రొసెక్కో అనే ఇటలీ బుడగల వైన్, సోడా, పుదీనా. జిన్ లేదు, సోడా ఉంది కాబట్టి ఘాటు తగ్గుతుంది. దానికి సిరప్ 15కే ఆపాలా, 20 దాకా వెళ్లాలా అన్నది పోసి చూశాకే.