పద్మినికి పట్టిన తుప్పు

మా నాన్నగారు 1986లో కొన్న ప్రీమియర్ పద్మిని కారు హుద్‌హుద్ తుపాను దాకా బాగానే ఉండేది. 2014 అక్టోబరు 12న ఆ తుపాను విశాఖలో తీరం దాటినప్పుడు పెద్ద వాల్తేరులోని మా ఇంటి రేకుల షెడ్డు లేచిపోయింది. కారు మాత్రం రెండు సొట్టలతో బయటపడింది. దాన్ని పాడుచేసింది తుపాను కాదు, ఆ తర్వాత నేను తెచ్చి కప్పిన నీలం టార్పాలిన్. నేలలోంచి లేచిన తేమ బయటికి పోయే దారి లేక, సముద్రపు గాలి తెచ్చిన ఉప్పుతో కలిసి, ఆరేళ్లపాటు కారును నానబెట్టింది. కప్పకుండా ఎండకీ గాలికీ వదిలేసినా ఇంతకంటే నయంగా ఉండేది.

పట్ట తీసిన రోజు డ్రైవర్ సీటు కింద రబ్బరు మ్యాట్ ఎత్తితే నేల కనిపించింది. కారు నేల కాదు, షెడ్డు నేల.

మొదట దగ్గర్లో ఉన్న షాపులో ఇచ్చాను. పదిహేను రోజుల్లో అద్దంలా మెరిపించి ఇచ్చారు. నాన్నగారు సంతోషపడి వీధి చివరిదాకా నడిపారు కూడా. ఒక్క వానాకాలం గడిచిందో లేదో తలుపుల కింది అంచున బియ్యపు గింజంత బుడగలు లేచాయి. వేలితో నొక్కితే పెచ్చు ఊడి ఎర్రపొడి రాలింది.

ఈసారి గాజువాక ఆటోనగర్‌లో టింకరింగ్ చేసే ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మాట్లాడకుండా గుడ్డలో చుట్టిన అయస్కాంతం తీసి కారు చుట్టూ తిప్పాడు. రేకు మీద అతుక్కుంటోంది, తలుపుల కింద మాత్రం జారిపోతోంది. స్క్రూడ్రైవర్ పిడితో కొడితే ఒకచోట టంగుమంది, ఇంకోచోట డబ్బుమంది. "ఏటి బాబూ, ఇది కారా, లప్పం ముద్దా?" అన్నాడు. లప్పమంటే సొట్టలు పూడ్చే పుట్టీ, దానికి అయస్కాంతం అంటదు.

పద్మినికి లారీలా విడిగా ఛాసిస్ ఉండదు. రేకుల బాడీయే బరువంతా మోస్తుంది. తలుపుల కింద పెట్టెలా ఉండే సిల్ కారుకి వెన్నెముక లాంటిది. అక్కడ పుచ్చిపోతే లప్పం పెట్టడం అందానికి తప్ప దేనికీ పనికిరాదు. రెండు వైపులా ఒకేసారి కోసేస్తే పని తొందరగా అవుతుంది కదా అని నేనంటే, ఆయన నవ్వి, ముందు తలుపు ఖాళీలో అడ్డంగా ఇనుప యాంగిల్ వెల్డ్ చేశాడు. అది లేకుండా కోస్తే కారు నడుం వంగిపోయి తలుపులు మళ్లీ పడవట. బ్యాటరీ, పెట్రోల్ ట్యాంకు, సీట్లు అన్నీ తీయించి, ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు మొదలుపెట్టాడు.

పాత సిల్ కోసినప్పుడు లోపల్నుంచి బురద, ఎండుటాకులు గుప్పిళ్లకొద్దీ వచ్చాయి. అడుగున నీళ్లు కారడానికి ఉండే కన్నాలన్నీ పూడిపోయి ఉన్నాయి. "అద్దం పక్క రబ్బరులోంచి నీళ్లు దిగుతాయి బాబూ, దాన్నెవరూ ఆపలేరు. దిగినవి పోవాల, అంతే," అన్నాడు. నాకు అప్పటిదాకా తుప్పంటే బయటినుంచి పట్టేదనే లెక్క. మనకు బుడగ కనిపించే రోజుకి లోపలి వైపు ఎప్పుడో తినేసి ఉంటుంది.

సిల్‌కి కాస్త మందంగా ఉండే 18 గేజ్, నేలకి అంతకంటే పల్చటి 20 గేజ్ రేకు వాడాం. గ్యాస్ వెల్డింగ్ వేడికి పల్చటి రేకు మెలికలు తిరుగుతుందని కార్బన్ డయాక్సైడ్ వాయువు వాడి కరెంటుతో చేసే సీఓటూ వెల్డింగే చేశాడు. అదీ ఒక చుక్క ఇక్కడ, ఒక చుక్క జానెడు దూరంలో, చల్లారాక మధ్యలో ఇంకోటి. చూస్తుంటే నాకు నిద్రొచ్చేది.

నేనూ ఊరుకోలేదు, డిక్కీ నేల నాకు వదిలేయమన్నాను. ఒక శనివారం సాయంత్రం దాకా గ్రైండర్‌కి వైర్ బ్రష్ తగిలించి వెండిలా మెరిసేలా రుద్దాను. ప్రైమర్ రేపు కొడదాంలే అనుకున్నాను. తెల్లారేసరికి దాని మీద పల్చటి టీ రంగు తుప్పు! విశాఖ గాలికి ఒక్క రాత్రి చాలింది. మళ్లీ మొదటినుంచి రుద్దాల్సి వచ్చింది. గుంటల్లో మిగిలిన తుప్పుకి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న ద్రావకం పూస్తే నల్లబడింది. పెచ్చులు లేచే తుప్పు మీద ఆ మందు దండగ. పూశాక మిగిలిన యాసిడ్ కడిగి బాగా ఆరబెట్టకపోతే పైన వేసిన ప్రైమరే ఊడుతుంది. ఈసారి మాత్రం ఆరిన గంటలోపే ఎపాక్సీ ప్రైమర్ కొట్టేశాను.

మొదటి షాపు పని ఎందుకు చెడిందో కూడా అప్పుడే తెలిసింది. వాళ్లు తుప్పు మీదే లప్పం పెట్టి, నీళ్లు పోస్తూ వాటర్ పేపర్‌తో రుద్దారు. లప్పం నీళ్లు పీలుస్తుంది. ఆ తడి మీదే రంగు వేసి మూత పెట్టినట్టు చేశారు. మేస్త్రి మాత్రం రేకు మీద రెండు కోట్లు ఎపాక్సీ, అతుకుల్లో సీలర్, ఆ పైన అవసరమైనచోట మాత్రమే పల్చగా లప్పం పెట్టి పొడిగానే రుద్దించాడు. దుమ్ముకి వారం రోజులు దగ్గాను.

రంగు అయ్యాక సిల్స్‌లోకీ తలుపుల్లోకీ సన్నటి గొట్టంతో మైనం స్ప్రే చేశాం. మేలో ఎండకి అది కరిగి షెడ్డు గచ్చంతా మరకలు. కారు కింద మొత్తం నల్లటి తారు కోటింగ్ వేయించమని అందరూ చెప్పారు. నేను చక్రాల పైన తప్ప వేయించలేదు. దాని వెనక తుప్పు మొదలైతే కనపడదు.

ఇప్పుడు ఏటా జూన్‌కి ముందు పడుకుని, సైకిల్ చువ్వతో ప్రతి కన్నం పొడుస్తాను. వాన వెలిశాక తలుపుల కింద నుంచి చుక్కలు పడుతుంటే నాన్నగారు "కారుతోందిరా" అని కంగారుపడతారు. కారాలనే కదా ఇంత చేసింది! పోయిన వారం మాత్రం డిక్కీ నేల అంచున ఒక చిన్న బుడగ కనిపించింది. అది నేను రుద్దిన వైపే. ఆదివారం విప్పి చూడాలి.