అవ్వ కషాయం, డాక్టరు సిరప్పు

పోయిన డిసెంబరులో నాకు ఫ్లూ తగులుకుంది. పడుకునేటప్పుడు గొంతులో గరగర, అంతే. తెల్లారేసరికి 102 జ్వరం, ఒళ్లంతా రోకలితో దంచినట్టు నొప్పులు.

కడపలో మా ఇంటి గేటు పక్కన అడ్డసరం చెట్టుంది. మేకలు కూడా ముట్టవు, అంత చేదు. అవ్వ ఆ ఆకులు కోసి మిరియాలు, అల్లం, తిప్పతీగ ముక్కలు వేసి కాచింది. "కండ్లు మూసుకోని తాగు అబ్బీ" అంటూ గ్లాసు చేతికిచ్చింది. తాగిన కాసేపటికి కఫం తెగేది, గొంతు తేలికయ్యేది. తగ్గిపోతోందనుకుని ఆసుపత్రి మాటే ఎత్తలేదు. నాలుగో రోజు బాత్రూమ్ దాకా నడిస్తేనే ఆయాసం. ఆక్సిజన్ చూస్తే 91.

"ఫ్లూ మందు మొదటి 48 గంటల్లో పడితేనే బాగా పనిచేస్తుంది. ఇన్ని రోజులు ఏం చేశారు?" అన్నాడు డాక్టరు. కషాయం అన్నాను. తిప్పతీగ సంగతి దాచబోతే అవ్వే చెప్పేసింది. వెంటనే లివర్ పరీక్ష రాశాడు. తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిందని 2021లో ముంబయి డాక్టర్లు రాశారట, ఆయుష్ శాఖ ఒప్పుకోలేదట. నా రిపోర్టు మామూలుగానే వచ్చింది, బతికాననుకున్నా.

నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాను. ఆలస్యమైనా ఆ ఫ్లూ మందు, ఒసెల్టామివిర్ 75 మిల్లీగ్రాములు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి చొప్పున ఐదు రోజులు ఇచ్చారు. దాన్ని తయారుచేసేందుకు కావలసిన ముడిసరుకు అనాసపువ్వు నుంచి తీస్తారని అక్కడే తెలిసింది. "అయితే బిర్యానీ తింటే చాలా సార్?" అన్నాను. ఆయన నవ్వి, "ఆ ముడిసరుకు మందు కావాలంటే ఫ్యాక్టరీలో ఎన్నో మార్పులు చేయాల. బిర్యానీ బిర్యానీనే" అన్నాడు.

ఇంటికొచ్చేటప్పుడు దగ్గుకు ఆంబ్రాక్సాల్ సిరప్పు రాశాడు. అడ్డసరం ఆకులో వాసిసిన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని చూసే బ్రోమ్‌హెక్సిన్ తయారుచేశారు, దాని నుంచి వచ్చిందే ఈ ఆంబ్రాక్సాల్. కఫాన్ని పలచన చేస్తుంది గానీ వైరస్‌ను చంపదు. మొదటి మూడు రోజులు నేను మోసపోయింది అక్కడే. ఈ చివరి ముక్క అవ్వ చెవికెక్కలేదు. సీసా చేత్తో పట్టుకుని, "నా ఆకుకే ఇంత దుడ్డు పెట్టి కొనుక్కొచ్చినారే!" అని వీధంతా చెప్పింది.

నీరసం పోవడానికి మూడు వారాలు పట్టింది. మొన్న మళ్లీ జలుబు చేసింది. అవ్వ గ్లాసుతో పాటు ఆక్సిమీటరూ తెచ్చింది. ముందు వేలికి అది తగిలించి, అంకె చదవమంది. 97 అన్నాక గ్లాసు ఇచ్చింది. ఈసారి తిప్పతీగ వేయలేదు.