ఓచనోమిజు వాలులో పొట్టి గిటార్లు

టోక్యోలో గిటార్లు చూడాలంటే ఓచనోమిజుకే వెళ్లాలి. స్టేషన్ బయటికి రాగానే మైదై-దోరి రోడ్డు జింబోచో పాత పుస్తకాల బజారు వైపు వాలుగా దిగుతుంది. ఆ వాలంతా గిటార్ షాపులే. మా అమ్మాయి గిటార్ నేర్చుకుంటోంది కాబట్టి ఒక పూట దీనికే కేటాయించాం.

నేను చూడాలనుకున్నవి స్ట్రాటోకాస్టర్లనే ఖరీదైన ఎలక్ట్రిక్ గిటార్లు కావు. నేర్చుకునే పిల్లల కోసం ఫెండర్ కంపెనీ చేసిన పాత పొట్టి స్కేలు గిటార్లు. 1956లో మ్యూజిక్‌మాస్టర్, డ్యుయో-సోనిక్ వచ్చాయి. వాటి స్కేలు, అంటే మెడ చివరి నట్ నుంచి ఒంటి మీది బ్రిడ్జి దాకా తీగ మోగే పొడవు, 22.5 అంగుళాలు. స్ట్రాట్‌కి, అంటే స్ట్రాటోకాస్టర్‌కి, 25.5. తర్వాత 1964లో 24 అంగుళాల మస్టాంగ్ వచ్చింది.

ఇరుకు మెట్లెక్కి వెళ్లిన ఒక షాపులో 1966 మస్టాంగ్ కనబడింది. ఎర్ర రంగు. కుడి మోచెయ్యి ఆనే చోట రంగంతా అరిగి లోపలి చెక్క తేలింది. ఎవరో ఏళ్ల తరబడి ఒళ్లో పెట్టుకుని సాధన చేసిన గుర్తు అది. మెడ విప్పితే లోపల కనిపించే తేదీ ముద్రని ఫొటో తీసి ధర చీటీ పక్కనే పెట్టారు. అక్కడ మనంతట మనం గిటార్ తీయకూడదు. అడిగితే షాపతను దించి, శ్రుతి చేసి, ఆంప్లిఫయర్‌కి తగిలించి రెండు చేతులతో అందించాడు.

మా అమ్మాయి ఎఫ్ కార్డ్ పట్టింది, ఒకే వేలు అడ్డంగా పెట్టి చాలా తీగలు నొక్కాల్సినది. ఇంట్లో గిటార్ మీద దానికి సరిగ్గా పలకనిది అదే. "నాన్నా, ఇక్కడ అన్ని తీగలూ మోగుతున్నాయి!" అంది. మోగుతాయి మరి. అదే తీగని అదే శ్రుతికి బిగిస్తే, 24 అంగుళాల స్కేలు మీద బిగువు స్ట్రాట్ కంటే 11 శాతం తగ్గుతుంది. 22.5 మీదైతే 22 శాతం. మెడ మీది అడ్డ కమ్మీలు, ఫ్రెట్లు, కూడా దగ్గరవుతాయి. చిన్న వేళ్లకి ఇంతకంటే ఏం కావాలి?

కానీ ఇవి పిల్లల గిటార్లుగా మిగిలిపోలేదు, మిగలకూడదు కూడా. వదులు తీగ మీద వేలు కాస్త నొక్కి లాగితే చాలు, స్వరం సాగుతుంది. మస్టాంగ్‌లో తీగ కదలికని కరెంటు సంకేతంగా మార్చే పికప్‌లు రెండు, ఒక్కోదానికీ ఒక స్లైడ్ స్విచ్ ఉంటుంది. రెండు పికప్‌లనూ ఎదురు ఫేజ్‌లో, అంటే ఒకదాని సంకేతం రెండోదానికి తిరగబడేలా, పెట్టాను. మంద్రం చాలావరకు రద్దయిపోయి, ముక్కుతో పాడినట్టు సన్నటి గొంతు వచ్చింది. ఖరీదైన గిటార్లెన్నో ఉన్నా ఈ గొంతు వాటిలో సులువుగా దొరకదు. నిర్వానా బ్యాండ్ గిటారిస్టు కర్ట్ కొబేన్ మస్టాంగ్‌ని ఇష్టపడ్డాడు. జపాన్‌లో చార్ అనే గిటారిస్టుకైతే మస్టాంగే గుర్తింపు. షాపతనికి మస్టాంగ్ అనగానే ముందు గుర్తొచ్చిన పేరు కూడా చార్‌దే.

ఆ 66 మస్టాంగ్ ధర మా స్థోమతకి మించినది. కొన్నది జపాన్‌లో తయారైన రీఇష్యూ, అంటే పాత నమూనానే మళ్లీ చేసినది. అదే స్కేలు, అవే స్విచ్‌లు. సన్న తీగలైతే ఈ స్కేలు మీద వదులై ఫ్రెట్లకి తగిలి జీరగా మోగుతాయని చెప్పి, షాపతను కాస్త లావు తీగల 11 సెట్ వేసి, మెడ సరిచేసి ఇచ్చాడు. మీరు కొన్నా ఆ పని చేయించుకున్నాకే షాపు బయటికి రండి.