పెన్ను ఆగకూడదు

నా చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. 1996లో పలాసలో సీఈసీ పాసయ్యాను, ఆ వేసవిలోనే పెళ్లి. తర్వాత విశాఖపట్నం, అక్కయ్యపాలెంలో కాపురం. ఇన్నేళ్లలో ఏ ఫారం నింపినా 'విద్యార్హత' అన్న గడి దగ్గరికి వచ్చేసరికి నా అక్షరాలు చిన్నవైపోయేవి. పిల్లల స్కూల్లో పేరెంట్స్ మీటింగుకి వెళ్తే, మీరేం చదివారని ఎవరైనా అడుగుతారేమోనని వెనక బెంచీలో కూర్చునేదాన్ని.

2022 ఏప్రిల్‌లో ఒక రాత్రి మా అమ్మాయి ఫోను చేతిలో పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, నువ్వు ఇంటరే కదా!" అంది. ఆ మాట అంత సంతోషంగా ఎవరైనా అనడం నేను మొదటిసారి విన్నాను.

విషయం ఏమిటంటే, వాళ్ల జూనియర్ ఒకమ్మాయికి చూపు లేదు. బీఏ చదువుతోంది. తెల్లారితే సెమిస్టర్ పరీక్ష. స్క్రైబ్‌గా వస్తానన్న కుర్రాడికి జ్వరం. స్క్రైబ్ అంటే, చేత్తో రాయలేనివాళ్లు నోటితో చెప్పే జవాబును ఆన్సర్ షీటు మీద రాసిపెట్టే మనిషి. మా అమ్మాయే వెళ్లొచ్చు కదా అంటే, కుదరదట. కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో ఇచ్చిన, అప్పటికి అమల్లో ఉన్న మార్గదర్శకాల ప్రకారం, విద్యార్థి తన స్క్రైబ్‌ను తానే తెచ్చుకుంటే ఆ స్క్రైబ్ చదువు విద్యార్థి చదువు కన్నా ఒక మెట్టు కింద ఉండాలి. డిగ్రీ పరీక్ష రాయాలంటే డిగ్రీ చదివినవాళ్లు పనికిరారు. ఇంటర్ వాళ్లు కావాలి.

ఆ రాత్రి బీరువాలోంచి నా ఇంటర్ సర్టిఫికెట్ తీశాను. మడత దగ్గర చిరిగి, వెనక ఎప్పుడో అంటించిన టేపు పసుపుపచ్చగా అయిపోయి ఉంది. పొద్దున్నే జిరాక్స్ తీయించి, ఫొటో అంటించి, డిక్లరేషన్ మీద సంతకం పెట్టి కాలేజీకి వెళ్లాను.

మమ్మల్ని విడిగా ఒక గదిలో కూర్చోబెట్టారు. ఇన్విజిలేటర్ గారు హాల్ టికెట్, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ చూసి, నా వైపు తిరిగి "ఈ అమ్మాయి పేరేంటమ్మా?" అన్నారు. నేను చెప్పేశాను. పక్కనుంచి ఆ అమ్మాయి నెమ్మదిగా, "సార్, నన్నడగండి, నేను చెప్తాను" అంది. నాకు చెవులు వేడెక్కాయి. అడిగినాయనదే కాదు, చెప్పిన నాదీ తప్పే. చూపు లేని మనిషి పక్కన నిలబడగానే ఆమె బదులు మాట్లాడే హక్కు మనకు వచ్చేసినట్టు అనుకుంటాం.

స్క్రైబ్ పని బయటినుంచి చూస్తే తేలిక. చెప్పింది రాయడమేగా. కానీ దానికో పద్ధతి ఉంది. ముందు ప్రశ్నపత్రం మొత్తం మార్కులతో సహా చదివి వినిపించాలి. ఏ ప్రశ్న ముందు, ఏది తర్వాత అన్నది తను చెప్తుంది. రెండోసారి అవే ప్రశ్నలు మెల్లగా చదవాలి. చదివేటప్పుడు గొంతులో తేడా రాకూడదు. మనకు తెలిసిన ప్రశ్న దగ్గర గొంతు హుషారైతే అది కూడా సాయం చేసినట్టే. తను తప్పు చెప్తే తప్పే రాయాలి. పేరా ఎక్కడ మొదలుపెట్టాలో, దేని కింద గీత గీయాలో కూడా తనే చెప్పాలి. నిబంధన ప్రకారం గంటకు 20 నిమిషాలు అదనం, అంటే మూడు గంటల పరీక్ష వీళ్లకు నాలుగు గంటలు. పెళ్లయ్యాక నేను వరసగా రాసిందల్లా పచారీ సామాన్ల చీటీలే. రెండో గంట దాటేసరికి వేళ్లు కొంకర్లు పోయాయి. ఆ అమ్మాయి జవాబు మధ్యలో ఆగి, "పిన్నీ, చెయ్యి దులుపుకోండి, నాకు టైముంది" అంది. పొద్దున్న మేడమ్ అన్న పిల్ల, మధ్యాహ్నానికి పిన్నీ అంది.

నేను ఏమీ అనకపోయినా చెయ్యి నొప్పి సంగతి తనకెలా తెలిసిందని తర్వాత అడిగాను. పెన్ను చప్పుడు మారిందట.

ఆ సెమిస్టర్ మిగతా పేపర్లన్నీ నేనే రాశాను. అప్పుడే తెలిసింది, అసలు కష్టం పరీక్ష గదిలో కాదు, అంతకు ముందు చదువుకోవడంలో ఉందని. ఫోన్లో టాక్‌బ్యాక్, కంప్యూటర్లో ఎన్‌వీడీఏ ఉన్నాయి. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపిస్తాయి. ఎన్‌వీడీఏ ఉచితం కూడా. కానీ తెలుగు పుస్తకాలు చాలావరకు అను ఫాంట్లలో కంపోజ్ చేసినవి, ఏ యంత్రమైనా అక్షరాలుగా గుర్తుపట్టే యూనికోడ్‌లో కాదు. మన కంటికి అది చక్కని తెలుగే. కంప్యూటర్‌కి మాత్రం అర్థం లేని గుర్తుల కుప్ప. ఒకసారి తను నాకు వినిపించింది. తన పాఠ్యపుస్తకం పీడీఎఫ్‌ను ఆ యంత్రం చదువుతుంటే ఒక్క తెలుగు మాట లేదు, ఏవేవో ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల పేర్లు గడగడా వస్తున్నాయి. బ్రెయిలీలో అచ్చయిన పుస్తకాలు స్కూలు వరకు ఎంతోకొంత దొరికాయట, డిగ్రీకి వచ్చాక అవీ లేవు. ఇన్ని యంత్రాలుండి కూడా, పుస్తకం పట్టుకుని చదివి వినిపించే మనిషి కోసం తను వెతుక్కోవాల్సి వచ్చింది.

అలా రికార్డింగులు మొదలయ్యాయి. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచేదాన్ని. పాలవాడు రాకముందు, పక్కింటి మిక్సీ మొదలవకముందు, గుడి మైకు పెట్టకముందు గంటసేపు దొరుకుతుంది. కిటికీకి దుప్పటి కట్టి, ఫోను ముందు పెట్టుకుని పాఠం చదివి, పది నిమిషాలకో ముక్కగా వాట్సాప్‌లో పంపేదాన్ని. చదివితే సరిపోనివీ ఉంటాయి. ఎకనామిక్స్‌లో 'కింది పటంలో చూపినట్టు' అని ఉంటే నేనేం చదవను? అట్ట ముక్క మీద ఫెవికాల్ రాసి ఊలు దారం అంటించాను. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, ఎడమ నుంచి కుడికి కిందికి వాలుతూ డిమాండ్ రేఖ. తను దాని మీద వేలు పెట్టి జార్చి చూసి, "ఓ, ధర దిగితే ఇటు జరుగుతామన్నమాట" అంది. ఆ రేఖ ఇంటర్లో నేను వందసార్లు గీసి ఉంటాను. మార్కుల కోసమే గీశాను గానీ అది ఎటు జరుగుతుందో ఎప్పుడూ పట్టించుకోలేదు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న సంగతి. మరుసటి ఏడాది హిస్టరీ పేపరు. బ్రిటిష్ వాళ్ల భూమిశిస్తు విధానాల మీద పెద్ద ప్రశ్న. తనకిష్టమైన పాఠం. మన్రో, రైత్వారీ, జమీందార్లు, అన్నీ వరసపెట్టి చెప్తోంది. నేను రాస్తున్నాను. "కారన్‌వాలిస్ శాశ్వత శిస్తు నిర్ణయాన్ని 1773లో ప్రవేశపెట్టాడు" అంది.

అది 1793. నాకు తెలుసు. ముందు రోజే ఇంకో పుస్తకంలోంచి బిట్లు చదివి వినిపించాను, అందులో ఈ ప్రశ్న లేదు గానీ పాఠం నా కళ్లముందు ఉంది. ఒక్క అంకె. చెయ్యి ఆగబోయింది. ఆగితే తనకు వినిపిస్తుంది. పెన్ను ఆగిందంటే అక్కడేదో తేడా ఉందని తనకు తెలిసిపోతుంది. ఆ ఆగడమే జవాబు చెప్పడం. ఆగకుండా 1, 7, 7, 3 రాశాను. తను తర్వాతి వాక్యానికి వెళ్లిపోయింది. మన ఉత్తర సర్కారులకు, అంటే మన కోస్తా జిల్లాలకు, అది 1802లో వచ్చిందన్నది మాత్రం సరిగ్గా చెప్పింది. నేను కళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఎత్తలేదు.

బయటికొచ్చాక ఉండబట్టలేక చెప్పేశాను. తను కాసేపు ఆలోచించి, ఫోను తీసి వెతికి, నా చేతికిచ్చింది. నా గొంతే. వెనకాల ఎక్కడో పాల బండి హారన్. స్పష్టంగా, ఏ తడబాటూ లేకుండా, "1773లో ప్రవేశపెట్టాడు" అంటోంది. ఆ పేజీకి ముందు పేజీలో 1773 రెగ్యులేటింగ్ చట్టం ఉంది. నిద్రమత్తులో ఆ అంకెనే ఇక్కడా చదివేశాను. పంపేముందు ఒక్కసారి కూడా మళ్లీ వినలేదు. తను నా గొంతును నమ్మి, నా తప్పును కంఠతా పట్టి, నా చేత్తోనే రాయించుకుంది.

మద్దిలపాలెంలో బస్సు కోసం నిలబడి నేను ఏడుస్తుంటే ఆ పిల్ల నన్ను ఓదార్చలేదు. ఆ మాట ఎందుకు చెప్తున్నానంటే, ఓదార్చి ఉంటే నేను ఇంకా చిన్నబోయేదాన్ని. ఏదో లెక్క తేల్చుకుంటున్నట్టు మొహం పెట్టి, "కారన్‌వాలిస్ ఇండియాకొచ్చిందే 1786లో కదా పిన్నీ. 1786లో వచ్చినవాడు 1773లో ఎలా పెడతాడు? అది నాకు తట్టాలి. మీరు చదివింది వినేసి ఊరుకున్నాను, ఆలోచించలేదు" అంది. తర్వాత, "ఇకనుంచి అంకె ఏదొచ్చినా రెండుసార్లు చదవండి. రెండోసారి విడివిడిగా. నేను ఇంకొకళ్ల చేత కూడా సరిచూపించుకుంటాను" అంది.

అప్పటిదాకా నేను ఇస్తున్నాను, తను పుచ్చుకుంటోంది అనుకున్నాను. పైకి అనకపోయినా లోపల ఆ లెక్కే ఉంది. తెల్లవారుజామున లేవడం నాకు గొప్పగా అనిపించేది, ఆ గొప్పలో పడి మళ్లీ విని చూసుకోవడం మానేశాను. దయతో చేస్తున్న పని కదా, ఎలా చేసినా మంచిదే అన్నంత ధీమా. జీతం తీసుకునే పనైతే అలా చేసేదాన్నా?

ఇంకొకళ్లు కావాలన్నది కదా అని మా వీధిలో అడిగాను. మొదట అందరూ, "మాకేం వచ్చమ్మా, చదువుకున్నవాళ్లమా" అన్నారు. నేనూ అలాగే అనేదాన్ని కాబట్టి ఆ మాట వెనకున్నది నాకు తెలుసు. ఇప్పుడు ఆరుగురం ఉన్నాం. బట్టలు కుట్టే ఆవిడ పదో తరగతితో ఆగిపోయారు, ఆవిడ ఇంటర్ పిల్లలకు పరీక్షలు రాస్తారు. రిటైరైన మాస్టారు ఒకాయన ఎక్కువ చదువుకోవడం వల్ల స్క్రైబ్‌గా పనికిరారు, అందుకని మేము పంపిన రికార్డింగులన్నీ పుస్తకం ముందు పెట్టుకుని విని తప్పులు పడతారు. వారానికి ఐదారు దొరుకుతాయి. దొరికిన ప్రతిసారీ నాకు గుండె గుభేలుమంటుంది.

పుణ్యం సంపాదించుకుంటున్నావమ్మా అంటారు కొందరు. వాళ్ల మంచి మనసుకు దండం. కానీ ఆ పిల్లలు వింటుండగా "పాపం" అనకండి. వాళ్లకు బాగా వినిపిస్తుంది. పరీక్ష గదిని జనరేటర్ పక్కన వరండాలో ఇచ్చినప్పుడు ఆ పాపం అనే మాట ఎవరికీ పనికిరాలేదు. ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లి గది మార్చమని అడిగిన మాట పనికొచ్చింది. అడిగింది నేను కాదు, తనే.

2024లో తను బీఏ పాసైంది. ఎం.ఏ.లో చేరింది. హిస్టరీయే. మొన్న ఆదివారం మా ఇంటికి వచ్చి, ల్యాప్‌టాప్ తెరిచి, దూరవిద్య డిగ్రీ అప్లికేషన్ పెట్టింది. నాకు. నేను వద్దన్నాను. ఈ వయసులో ఎందుకన్నాను. అసలు భయం అది కాదు, డిగ్రీ అయిపోతే డిగ్రీ పిల్లలకు రాయడానికి నేను పనికిరాను కదా అన్నాను. "పీజీ వాళ్లకు రాయొచ్చు. నాకూ పరీక్షలున్నాయి, మర్చిపోయారా?" అంది.

కుర్చీ లాక్కుని తన పక్కన కూర్చున్నాను. ఎన్‌వీడీఏ ఒక్కో గడి పేరు చదువుతోంది, తను నన్ను అడిగి టైపు చేస్తోంది. పేరు, ఊరు, పుట్టిన తేదీ. తర్వాత విద్యార్హత.

"ఇంటర్ ఏ సంవత్సరం పిన్నీ?"

"పంతొమ్మిది వందల తొంభై ఆరు" అన్నాను.

తన వేళ్లు కీబోర్డు మీద ఆగాయి.

"విడివిడిగా ఇంకోసారి చెప్పండి."